అంచున గాటున్న రూపాయి

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే, మా వీధి చివర గొర్రెలు మేపుకునే వాళ్ళ కోడలు వాకిట్లోకి వచ్చి, కొంగుముడి విప్పి మూడు వెండి రూపాయలు అరుగు మీద పెట్టింది. అత్త పోయిన తర్వాత పెట్టె సర్దుతుంటే అడుగున దొరికాయట. ఎన్నేళ్ళ నుంచి ప్లాస్టిక్ కవరులో ఉన్నాయో ఏమో, పచ్చటి జిగురు పట్టి చేతికి అంటుకుంటున్నాయి.

"అక్కా, చింతపండూ పలకపొడీ పెట్టి తోమితే తెల్లంగ వస్తాయంట గదా. నీకాడ పొడి ఉంటే ఇంత పెట్టు" అన్నది.

నేను ఆ రూపాయల మీద చెయ్యి అడ్డం పెట్టి, ముందు నువ్వు కూర్చోవే తల్లీ అన్నాను. తప్పు ఆ పిల్లది కాదు, మా మార్కాపురంలో పుట్టి పెరిగిన వాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. పలకలు కోసే మిషన్ల కింద రాలే సన్నటి బూడిదరంగు పొడిని డబ్బాలకు ఎత్తుకొచ్చి, ఇత్తడి బిందె మొదలు కంచు చెంబు దాకా దానితో తోమి మెరిపించిన ఊరు మాది. క్రిస్మస్ ముందు వారం మా పేటలో ఏ ఇంటి ముందు చూసినా చింతపండు పులుసులో పలకపొడి కలుపుకొని ఆడవాళ్ళం బారులు తీరి కూర్చునేవాళ్ళం, తోమినదేదైనా మెరవాలి, మెరవనిది శుభ్రం కానట్టే అనుకునేవాళ్ళం. బిందెకు అది మంచిదే గానీ పాత రూపాయికి మాత్రం అది చర్మం వలిచినట్టే, ఒకసారి తోమితే మళ్ళీ ఆ పైపొర ఏ దేవుడు దిగివచ్చినా రాదు.

అందుకని స్టవ్ ఆర్పేసి, కిటికీలు తెరిచి, రెండు గాజు గిన్నెలు తెచ్చి అసిటోన్ పోశాను. గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తుంది దానికి, మంట తగిలితే భగ్గుమంటుంది. మొదటి గిన్నెలో రూపాయలను విడివిడిగా పరిచి, గిన్నె మీద మూత పెట్టి కాసేపు వాటి మానాన వాటిని వదిలేస్తే, జిగురు దానంతటదే కరిగి ఊడిపోతుంది. అప్పుడు అంచులు మాత్రమే పట్టుకొని ఎత్తి, రెండో గిన్నెలోని శుభ్రమైన మందులో ఒకసారి ముంచి, నలిగిన పాత నూలు చీర ముక్క మీద ఆరబెట్టాలి. రుద్దకూడదు, తుడవకూడదు, ఒత్తకూడదు. జిగురు పోయిన తర్వాత కింద కనబడే నలుపూ నీలమూ మురికి కాదు, అది వెండికి వయసుతో వచ్చే వన్నె, దాని జోలికి పోకూడదు. ఇదంతా చెబుతుంటే ఆ పిల్ల నోరు తెరుచుకొని విని, "ఇవన్నీ నీకు ఎవరు నేర్పించినారక్కా?" అన్నది.

ఒక్క మాటలో చెప్పదగిన జవాబే. అయినా చెప్పకుండా, మంచినీళ్ళు తెస్తానని లోపలికి కుండ దగ్గరికి వెళ్ళాను. నా ఈడు వాళ్ళు మీకైతే చెప్పుకోవచ్చు. నాకు అది నేర్పిన మనిషే నన్ను మోసం చేశాడు.

మాది కొనకనమిట్ల దిక్కు పల్లె. వానలు లేక, కూలి పనులు లేక, పెళ్ళైన కొత్తలోనే మా నాయన అమ్మను వెంటబెట్టుకొని మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాడు. గనిలోంచి వచ్చిన రాయిని పల్చటి ఉలితో పొరలు పొరలుగా చీల్చడం ఆయన పని. రాయిని ఒక్కసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకొని, ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు, చెప్పిన చోటే చీలేది. అక్షరం ముక్క రాని మనిషి, ఎన్ని ఊళ్ళ పిల్లలు ఆయన పలకల మీద ఓనమాలు దిద్దారో లెక్కలేదు.

ఊరు విడిచి వచ్చేటప్పుడు మా అవ్వ ఆయన చేతిలో పెట్టిన రాణి బొమ్మ వెండి రూపాయి ఒకటి మా ఇంట్లో ఉండేది. గోధుమరంగు కాగితంలో చుట్టి రేకు డబ్బాలో దాచేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాగితంలోనే దానికి రంగు తిరిగి, పావురం మెడ మీద ఎండ పడితే ఎట్లా ఉంటుందో అట్లా, ఒక పక్క నీలంగా ఒక పక్క ఊదాగా, మధ్యలో తేనెరంగుగా ఉండేది. దాని అంచున ఒకచోట చిన్న గాటు. మా అన్నను బడిలో వేసే రోజు, బలపం కనబడక, నాయన ఆ రూపాయిని పలక మీద పెట్టి ఉలి మొనతో చుట్టూ గీయబోతే చెయ్యి జారి పడిన గాటు అది.

ఆ రోజు నుంచి అది మా ఇంటి ఆచారమైపోయింది. బడికి పోయే మొదటి రోజు పొద్దున్నే ప్రార్థన చేసుకొని, కొత్త పలక ఒళ్ళో పెట్టి, నడుమ రూపాయి పెట్టి, మా పిడికిలిని తన పిడికిట్లో ఇముడ్చుకొని బలపంతో దాని చుట్టూ గీయించేవాడు. అదే మా మొదటి రాత, సున్న. గాటు దగ్గరికి రాగానే బలపం లోపలికి దిగి ఆగేది, ఆ తర్వాత ముందుకు కదిలేది. రూపాయి తీసి చూస్తే గుండ్రటి గీతలో ఒకచోట చిన్న పన్ను మొలిచినట్టు ఉండేది. మా అన్నకూ, నాకూ, చెల్లెలికీ అందరికీ పన్నున్న సున్నే వచ్చింది. బడిలో పంతులమ్మ దిద్దమంటే నేను రూపాయి లేకుండా ఉత్త చేత్తో కూడా ఆ పన్నుతోనే గీసేదాన్ని, దానికి దెబ్బలు కూడా తిన్నాను.

పది పాసైన తర్వాత ఊళ్ళో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం ల్యాబులో అటెండరుగా చేరాను. గాజుసామాను కడగడం, సీసాలు నింపడం, వాటికి లేబుళ్ళు అంటించడం నా పని. ఆ ల్యాబుకు పెద్ద మా సారు. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. అటెండరు పిల్లను "ఏయ్" అని పిలిచే రోజుల్లో నన్ను "అమ్మా" అని పిలిచిన మొదటి ఉద్యోగస్తుడు ఆయన. ఆ ఒక్క పిలుపుకే నేను కరిగిపోయాను, కాదని ఎందుకు చెప్పాలి?

సారుకు పాత నాణేల పిచ్చి. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ లేనప్పుడు కిటికీ దగ్గర బల్ల మీద వాటిని పరుచుకొని కూర్చునేవాడు, చేతి కింద సాయానికి నన్ను పిలిచేవాడు. అట్లా నేర్చుకున్నాను. ముందు బట్టిపట్టిన నీళ్ళు, అదే డిస్టిల్డ్ వాటర్, దానికి లొంగకపోతే అసిటోన్, దానికీ లొంగకపోతే వదిలెయ్యడం. కంసాలులు వాడే తెల్లబరిచే మందు ఒకటి ఉంటుంది, దాన్ని ఆయన డిప్ అనేవాడు, అందులో ముంచితే వెండి క్షణంలో తెల్లబడుతుంది గానీ వన్నె సమూలంగా పోతుంది, కాబట్టి మంచి నాణేన్ని ఆ మందు పక్కనైనా పెట్టకూడదు అనేవాడు. ఎప్పుడు పట్టుకున్నా అంచు పట్టుకో అమ్మా, ముఖం మీద వేలు పెట్టకు, అనేవాడు. నేను బైబిలు వాక్యాల్లాగా అవన్నీ కంఠస్థం చేశాను.

మా రూపాయికి జరిగిన మొదటి అపకారం నేను చేసిందే. కాగితం చిరిగిపోయిందని కాలేజీ నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నాయనకు ఇచ్చాను. మా ఊరి ఎండలు మీకు తెలిసినవే గదా, రెండు వేసవులు దాటేసరికి కవరు చెమర్చి రూపాయికి పచ్చటి జిగురు పట్టింది. నాయనను బతిమాలి, మా సారు బాగుచేస్తాడని చెప్పి కాలేజీకి తీసుకుపోయాను. "జాగర్తమ్మా" అన్నాడు నాయన, అంతే.

సారు దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మౌనం దగ్గరే నేను మేలుకోవాల్సింది. ఇద్దరం కలిసి అసిటోన్‌లో పెట్టాం, జిగురు పోయింది, రంగులన్నీ నవ్వుతూ బయటికొచ్చాయి. అంచు దగ్గర ఆవగింజంత మరక ఒకటి మిగిలిందనీ, రెండు రోజులు బట్టిపట్టిన నీళ్ళలో నానబెడదామనీ అన్నాడు. అది శుక్రవారం. నేనే, నా చేత్తోనే, నేను లేబులు అంటించిన సీసాలోంచి గిన్నెలో నీళ్ళు పోసి రూపాయిని అందులో దించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళాలు రెండే, ఒకటి నా దగ్గర, ఒకటి సారు దగ్గర.

ఆ ఆదివారం మా చర్చిలో కోతల పండుగ. జొన్నకంకులూ కోళ్ళూ గుమ్మడికాయలూ కానుకలుగా పెట్టి, వాటిని వేలం వేసి, నవ్వులతో ఊరేగి ఇంటికి వచ్చాం. నాయన వేలంలో ఒక సొరకాయ పాడుకొని దాన్ని బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకొని నడిచాడు. సోమవారం బీరువా తెరిస్తే మురిగిన కోడిగుడ్డు వాసన కొట్టింది. గిన్నెలో రూపాయి తెల్లగా, కడిగిన పీనుగు మొహంలాగా ఉంది.

సారు వచ్చి గిన్నె వాసన చూశాడు, సీసా వాసన చూశాడు, నా వంక చూశాడు. ఇది డిప్ మందు అమ్మా, నీళ్ళనుకొని పోశావు, లేబులు తారుమారు చేసినట్టున్నావు అన్నాడు. లేదని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆయన అంత నెమ్మదిగా, అంత జాలిగా చెబుతుంటే నాకు నా చేతుల మీదే అనుమానం పుట్టింది. మనుషులన్నాక పొరపాట్లు చెయ్యరా, ఈ సంగతి ప్రిన్సిపాల్ దాకా పోనివ్వనులే అన్నాడు. నేను ఏడ్చి ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆ దండం గుర్తొస్తే ఈ రోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటికి వచ్చి చెప్పినప్పుడు నాయన తిట్టలేదు. రూపాయిని వెలుతురులోకి పట్టుకొని చూశాడు. బొటనవేలి గోరు అంచున ఆనించి చుట్టూ తిప్పాడు, మళ్ళీ ఒకసారి తిప్పాడు.

"ఇది మన రూపాయి కాదమ్మా. గాటు లేదు."

మందు తినేసి ఉంటుంది నాయనా అన్నాను. ల్యాబులో పనిచేసే దాన్ని గదా, నాకు తెలియనిది ఆయనకు తెలుస్తుందా?

"మందు తింటే అంచంతా తినాల గదా. గాటొక్కటే ఎట్ల పూడ్చింది? మీ సారును ఒక్కమాట అడుగు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? రాయి లోపల ఎక్కడ చీలిక ఉందో చెవితో విని చెప్పగల మనిషి, గోటితో తడిమి చెబుతుంటే నేను వినలేదు. పైగా గొంతు లేపాను. "అంత చదువుకున్నాయన మన రూపాయి ఎత్తుకపోతాడా నాయనా? నేను చెడగొట్టినానని ఒప్పుకుంటున్నా గదా, ఇంకా ఆయన మీద నింద ఏంది?" అన్నాను. నాయన దాన్ని కాగితంలో చుట్టి, తన డబ్బాలో పెట్టుకోకుండా నా చేతికే ఇచ్చాడు.

తర్వాత నా పెద్దకొడుకును బడిలో వేసే రోజు, ఆ తెల్ల రూపాయి తెచ్చి ఇస్తే పక్కన పెట్టేసి, తన నశ్యం డబ్బీ మూత తీసి పలక మీద బోర్లించి, మనవడి చేత దాని చుట్టూ గీయించాడు. నున్నటి సున్న వచ్చింది. నేను చేసిన తప్పును ఇన్నేళ్ళకు కూడా ఇట్లా గుర్తుచేస్తున్నాడే అని లోపలికి పోయి ఏడ్చాను. ఇప్పుడు తెలుస్తున్నది, ఆయన నన్ను దెప్పలేదు, దొంగ రూపాయితో మనవడి చదువు మొదలుపెట్టడం ఇష్టం లేకపోయింది, అంతే.

ఆ సోమవారం నా ఉద్యోగాన్ని కూడా కుంటిది చేసింది. స్టోర్ కీపరుగా పైకి వెళ్ళే అవకాశం వస్తే, సీసాలు తారుమారు చేసే చేతులు నావి అని భయపడి వద్దన్నాను. అదే మంచిదమ్మా, నీకెందుకు ఆ బరువు, అని సారు కూడా తల ఊపాడు. రిటైరయ్యే రోజు దాకా ప్రతి సీసానూ మూడుసార్లు వాసన చూసి గానీ మూత పెట్టేదాన్ని కాదు, కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను వాసనమ్మ అనేవాళ్ళు. నాయన ఊపిరితిత్తుల నిండా ఆ పలకల దుమ్మే పేరుకొని, దగ్గి దగ్గి ప్రభువు దగ్గరికి పోయాడు. మళ్ళీ ఆ రూపాయి మాట ఎత్తలేదు.

పోయిన ఏడాది సారు గిద్దలూరులో చనిపోయాడు, కొన్నాళ్ళకు ఆయన భార్య ఫోను చేసింది. నాణేలన్నీ ఎవరికో ఇచ్చేద్దామనుకుంటున్నామనీ, కొన్నింటికి మరకలూ జిగురూ పట్టాయనీ, వాటిని ముట్టుకోగల చెయ్యి నీదొక్కటేనని సారు ఎప్పుడూ అనేవాడనీ చెప్పింది. సంతోషమే వేసింది నాకు. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి, కంభం దాటి, ఒళ్ళో అసిటోన్ సీసా పెట్టుకొని, గురువుకు ఆఖరి సేవ చేయబోతున్నాననుకుంటూ గిద్దలూరులో దిగాను.

పలకల్లాగా పేర్చిన చెక్క పళ్ళేలు. మూడో పళ్ళెంలో నాలుగో గుంటలో ఉంది. నీలం, ఊదా, తేనెరంగు. ఒక్కక్షణం, ఇట్లాంటిదే మాకూ ఉండేది గదా అనుకున్నాను, అంత వెర్రిదాన్ని. ఆయన నేర్పినట్టే ముఖం మీద వేలు పెట్టకుండా అంచులు పట్టుకొని ఎత్తాను. చూపుడువేలు కింద గాటు తగిలింది.

వెలుతురులోకి తిప్పి చూశాను. అంచు దగ్గర ఆవగింజంత మరక కూడా అట్లాగే ఉంది. కింద చీటీ మీద ఆయన ముత్యాల్లాంటి దస్తూరీలో రాసి ఉంది, మార్కాపురం, సహజమైన వన్నె, ఎన్నడూ డిప్ చేయనిది అని. ఎన్నడూ డిప్ చేయనిది! తన దగ్గరున్న వేరే రాణి రూపాయిని ముంచి తెల్లబరిచి నా గిన్నెలో వేసి, నా సీసాలో మందు పోసి, నన్నే ఓదార్చి, నా చేత దండం పెట్టించుకున్న మనిషి రాసిన చీటీ అది. అడిగి ఉంటే నాయన ఇచ్చేవాడేమో, నాకు తెలియదు. తీసుకున్నందుకు కాదు నా బాధ. నా చేతుల మీద నాకున్న నమ్మకాన్ని తీసుకున్నాడు, మా నాయన మాటను నా చేతనే అబద్ధం చేయించాడు.

ఆయమ్మ టీ తెచ్చి పెట్టి నా పక్కనే కూర్చుంది. పసుపూ కుంకుమా లేని ముఖం, ఆయన ఫోటో వైపు చూస్తూ, ఒక్కడి సొమ్ము ఆశించని మనిషమ్మా అన్నది. నా నోటి దాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగాను. మిగతా నాణేలన్నీ శుభ్రం చేసి పెట్టాను, ఒక్కదాన్ని కూడా పాడుచెయ్యకుండా. సాయంత్రం బయలుదేరేటప్పుడు, సారు గుర్తుగా నీకు నచ్చింది ఒకటి తీసుకో అమ్మా అన్నది. తీసుకున్నాను. మా నాయన రూపాయికి నేనే థాంక్స్ చెప్పి, వాళ్ళ దయ అనిపించుకొని తెచ్చుకున్నాను. ఆ థాంక్స్ ఇంకా నా నాలుక మీద చేదుగానే ఉంది.

నమ్మి చెడినవాడు లేడంటారు, నన్ను చూడని వాళ్ళెవరో అన్న మాట అయ్యుంటుంది.

ఇంతకూ మంచినీళ్ళ చెంబుతో బయటికి వచ్చేసరికి గొర్రెల వాళ్ళ కోడలు లేచి నిలబడి ఉంది. "ఇంట్లో పనుంది అక్కా, నీకాడనే ఉండనీ, రేపొచ్చి తీసుకపోతా" అన్నది. వద్దన్నాను. ఆరేదాకా కూర్చొని, నీ కళ్ళ ముందే లెక్క చూసుకొని తీసుకుపొమ్మన్నాను. ఆ పిల్ల కొంచెం నొచ్చుకుంది, నీ మీద నాకు నమ్మకం లేకనా అక్కా అన్నది. పూర్వం మా పేటలో పెళ్ళికి పోతూ నగలు కూడా పక్కింట్లో ఇచ్చిపోయేవాళ్ళం, ఎవరమూ మారుమాట అనుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు నా ఇంట్లో ఎవరి బిళ్ళనూ ఒక్క రోజు కూడా ఉంచుకోను. మూడు రూపాయలూ వాటి నల్లటి వన్నెతో చక్కగా ఆరిన తర్వాత కొంగున ముడేసి పంపాను. మెట్లు దిగుతూ, ఎవరు నేర్పించినారో చెప్పకపోతివే అని మళ్ళీ అడిగింది. మా సారు, అన్నాను. అబద్ధం కాదు గదా.

మా ఊళ్ళో పలకలు చీల్చే ఉలి చప్పుడు ఇప్పుడు దాదాపు లేదు, అదే రాయిని గోడలకు అంటించే బిళ్ళలుగా కోసి లారీలకు ఎత్తుతున్నారు. మా మనవరాలు ఫోను అద్దం మీద వేలితో సున్న చుడుతుంది, ఎన్నిసార్లు చుట్టినా అది నున్నగానే వస్తుంది. ఆ రోజు గొర్రెల వాళ్ళ కోడలు వెళ్ళిపోయాక అటక మీద వెతికితే, చెక్క ఊడిన పలక ఒకటి, నాయన చీల్చిందే, దొరికింది. బలపం లేక సుద్దముక్క చెక్కుకొని, రూపాయిని నడుమ పెట్టి చుట్టూ గీశాను. గాటు దగ్గర సుద్ద లోపలికి దిగి ఆగింది, మళ్ళీ కదిలింది. రూపాయి తీసి చూశాను, పన్ను ఉంది.

ఇది మనదే నాయనా, అది మనది కాదు, అన్నాను. నువ్వు చెప్పినప్పుడు అనాల్సిన మాట.